మా అపార్ట్‌మెంట్ అరుగు: ఆరు నెలల డైరీ, కొలతలు, ఖర్చులు, తప్పులు

గుంటూరులో మాది 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. వాట్సాప్ గ్రూపులో 58 మంది ఉన్నాం. డిసెంబరులో రెండో అంతస్తు పెద్దాయన పోతే గ్రూపులో ‘ఓం శాంతి’లు 43 వచ్చాయి. కిందికి దిగివచ్చింది 9 మందిమి. పాడె పట్టడానికి నాలుగో మనిషి దొరక్క ఇస్త్రీ బండి అబ్బాయిని పిలిచారు.

జనవరి నుంచి జులై లోపల గేటు పక్కన ఒక అరుగు కట్టాం. ఒకసారి పగలగొట్టి మళ్ళీ కట్టాం, తర్వాత పెంచాం. మీ దగ్గర కట్టుకోవాలనుకుంటే కొలతలు ఇక్కడి నుంచి తీసుకోండి. మేము చేసిన తప్పులు మాత్రం మళ్ళీ చేయకండి, అందుకే వాటి గురించే ఎక్కువ రాశాను.

దశ 0: ముందు లెక్క (జనవరి మొదటి వారం)

కట్టాక బాగుందో లేదో తెలియాలంటే కట్టకముందు ఎలా ఉందో రాసి పెట్టుకోవాలి. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, లెక్క లేకపోతే నాకు నిద్ర పట్టదు. పద్ధతి ఇది:

1. వరసగా 7 రోజులు, సాయంత్రం 5:30 నుంచి 7:30 దాకా సెల్లార్‌లో కుర్చీ వేసుకుని కూర్చోవాలి.
2. వేరువేరు ఫ్లాట్లవాళ్ళు ఇద్దరు 2 నిమిషాలకు మించి మాట్లాడుకుంటే ఒక గీత. వాచీ చూసే గీయాలి.
3. ‘బావున్నారా’, ‘ఆ బావున్నాం’ లెక్కలోకి రావు.

ఏడు రోజులకు 11 గీతలు. అందులో 8 కూరగాయల బండి దగ్గరే. కరెంటు పోయి లిఫ్టు ఆగినప్పుడు 2. మిగిలిన ఒకటి పార్కింగ్ దగ్గర గొడవ. గొడవ కూడా మాటే కదా అని గీత గీశాను.

కూరగాయల బండి 6:40కి గేటు దగ్గర ఆగుతుంది. ఈ ముక్క అప్పుడే బుర్రకెక్కి ఉంటే తర్వాతి రెండు దశల డబ్బు మిగిలేది.

దశ 1: గ్రూపులో పిలుపు (దండగ)

‘ఆదివారం 6 గంటలకు అందరం కింద కలుద్దాం’ అని గ్రూపులో పోల్ పెట్టాను. 31 మంది వస్తామన్నారు. వచ్చింది ఐదుగురు, అందులో నేనూ మావారూ ఇద్దరం. 640 రూపాయల మిరపకాయ బజ్జీలు తెప్పిస్తే సగం పైగా మిగిలాయి. మర్నాడు అవే మా టిఫిన్.

రానివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. నా తప్పులు ఇవి. కుర్చీలు గుండ్రంగా వేశాను, చూడగానే అసోసియేషన్ మీటింగులా ఉంది. మీటింగంటే మా దగ్గర మెయింటెనెన్స్ బాకీల పంచాయితీ. వచ్చిన ముగ్గురిలో ఒకాయన పది నిమిషాల్లోనే లిఫ్టు ఏఎంసీ (ఏడాది మరమ్మతుల కాంట్రాక్టు) సంగతి ఎత్తారు. పైగా గ్రూపులో వస్తామని నొక్కడంతోనే సగం మందికి వచ్చేసినట్టు అనిపిస్తుందనుకుంటా. ఆ తర్వాత పోల్ జోలికి పోలేదు.

ఖర్చు: 640. మొత్తం: 640.

దశ 2: ప్లాస్టిక్ కుర్చీలతో చోటు వెతకడం

ఇటుక కొనకముందు కుర్చీలతో చూడండి. అసోసియేషన్ కుర్చీలు 6 తీసుకుని, ఒక్కో చోట 10 రోజులు ఉంచాం. కాళ్ళ చుట్టూ చాక్‌పీసుతో గుర్తు పెట్టాను, ఎవరైనా జరిపితే తెలియాలని.

1. వెనకవైపు వేపచెట్టు కింద. నీడ, గాలి, నిశ్శబ్దం. గ్రూపులో అడిగితే అందరూ ఈ చోటే అన్నారు. 10 రోజుల్లో కూర్చున్నవాళ్ళు 3. అందులో ఒకరు నేను.
2. లిఫ్టు ఎదురుగా. కూర్చుంటున్నారు కానీ లిఫ్టు రాగానే లేచిపోతున్నారు. బస్టాండే నయం.
3. గేటు లోపల, ఎడమచేతి గోడ పక్కన. దుమ్ము, హారన్లు, పైన నీడ లేదు. 10 రోజుల్లో 34 మంది.

1970లలో విలియం వైట్ అనే ఆయన న్యూయార్క్‌లో పెద్ద భవనాల ముందుండే ఖాళీ జాగాల్లో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ కూర్చుంటారో ఏళ్ళ తరబడి చూశారు. రద్దీకి దూరంగా ఉండాలని నోటితో చెప్పినవాళ్ళే తీరా కూర్చోవడానికి జనం తిరిగే చోటుకే వెళ్తున్నారని తేల్చారు. మా వేపచెట్టు కథా అదే. పని లేకుండా అక్కడిదాకా ఎవరు నడుస్తారు? గేటు దగ్గరైతే పాలకో పార్సిల్‌కో బడి బస్సుకో ఎలాగూ రావాలి.

కుర్చీలతో ఇంకో చిక్కు. ఎవరింట్లోనో వ్రతమని రెండు పైకి వెళ్ళాయి, తిరిగి రాలేదు. కొత్తవి కొనిపెట్టాల్సి వచ్చింది. ఎత్తుకుపోలేనిది కట్టాలని అప్పుడే తేలింది.

ఖర్చు: 900. మొత్తం: 1,540.

దశ 3: ఒప్పించడం

దీని గురించి ఎక్కువ రాయను, రాస్తే నాకే బీపీ. అభ్యంతరాలు మూడు: రెండు స్కూటర్ల జాగా పోతుంది, డెలివరీ కుర్రాళ్ళు కూర్చుంటారు, ‘పల్లెటూరి వాలకం’ వస్తుంది. ఖర్చు మాది, 6 నెలల్లో నచ్చకపోతే మా ఖర్చుతోనే తీయిస్తామని కాగితం మీద రాసిచ్చాం. 20లో 12 ఫ్లాట్లు సంతకం పెట్టాయి.

ఒక్క జాగ్రత్త. గేటు బయట సైడు కాలువ మీద కట్టకండి. పూడిక తీయడానికి వచ్చినప్పుడు పగలగొడతారు, వాళ్ళ తప్పేమీ ఉండదు. ప్రహరీ లోపలే కట్టండి.

దశ 4: కట్టడం, పగలగొట్టడం (ఫిబ్రవరి)

పొడవు 9 అడుగులు, వెడల్పు 18 అంగుళాలు. మొత్తం ఇటుకతో నింపకుండా ముందూ పక్కలా నాలుగున్నర అంగుళాల గోడ కట్టి, మధ్యలో పాత టైల్సు ముక్కలు, రబ్బిష్ వేసి కూరాం. పైన కడప నల్లబండ, మూడేసి అడుగుల ముక్కలు మూడు.

1. నేల మీది సిమెంటు పొరను గాట్లు పెట్టి తడపాలి. లేకపోతే మొదటి వరుస అంటదు.
2. ఇటుకలు ముందురోజు నీళ్ళలో నానాలి.
3. సిమెంటు 1, ఇసుక 6 పాళ్ళు.
4. నింపిన రబ్బిష్ మీద నీళ్ళు పోసి ఒక రాత్రి దిగనివ్వాలి. మేము ఆగలేదు. పది రోజులకు మధ్య బండ కింద డొల్ల శబ్దం వచ్చింది.
5. బండ గోడకంటే 3 అంగుళాలు ముందుకు రావాలి.
6. బండకి ముందువైపు పావు అంగుళం వాలు ఉండాలి, వాన నీళ్ళు నిలవకుండా. లెవల్ పైపుతో చూసుకోవాలి.
7. వారం రోజులు పూటపూటా నీళ్ళు కొట్టాలి.

ఐదో సంగతి మేస్త్రీ నన్ను అడక్కుండానే చేశాడు. ఎందుకని అడిగితే, ‘పెద్దోళ్ళు లేచేటప్పుడు మడమలు వెనక్కి పోవాలి కదమ్మా’ అన్నాడు. కూర్చుని చూడండి: పాదాలు మోకాళ్ళకంటే ముందుంటే లేవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

అదే మేస్త్రీ ఎత్తు దగ్గర ముంచాడు. సరిగ్గా చెప్పాలంటే నేనే మునిగాను. ‘అరుగంటే రెండడుగులు’ అన్నాడు, నేను తలూపాను. పాత ఇళ్ళకు ఆ ఎత్తు సరిపోయేది, అక్కడ మెట్టెక్కి కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. మా దగ్గర కాళ్ళు కిందికి వేసుకు కూర్చుంటారు. 203 ఫ్లాట్ అత్తయ్యగారు కూర్చుంటే కాళ్ళు గాల్లో వేలాడాయి. ‘ఉయ్యాలా ఇది?’ అని లేవబోయి లేవలేక నా చెయ్యి పట్టుకున్నారు.

అప్పుడు టేపు తీసుకుని, ముందే చేయాల్సిన పని చేశాను. అరవై దాటినవాళ్ళు ఐదుగురికి నేల నుంచి మోకాలి మడత దాకా కొలిచాను. 15½ నుంచి 17 అంగుళాల మధ్య వచ్చింది. మేము కట్టింది 24. బండలు లేపి, ఆరు వరుసల్లో రెండు తీసేసి, 17కి దించాం. లేపేటప్పుడు ఒక బండ విరిగింది. ఒక చివర పట్టుకుని లేవడానికి జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు పిడి వెల్డింగు చేయించాం. మొత్తం అరుగులో అందరికంటే ముందు నిండే చోటు ఆ పిడి పక్కనే.

ఖర్చు: ఇటుకలు 120కి 1,080. సిమెంటు 2 బస్తాలు 720. ఇసుక 900. బండలు 1,260. అంచు గుండ్రం చేయడానికి 300. మేస్త్రీ, సహాయకుడు 1,900. ఆటో 400. కలిపి 6,560. పగలగొట్టి సరిచేసినందుకు కూలి 1,000, కొత్త బండ 420, దాని అంచుకి 100, పిడికి 600. కలిపి 2,120.

మొత్తం: 10,220. వారం గీతలు: 19.

దశ 5: ఎండ, దీపం, దోమలు (మార్చి, ఏప్రిల్)

ఏప్రిల్లో మళ్ళీ లెక్కపెడితే 8 గీతలు. కట్టకముందు 11 ఉండేవి! మావారు ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు, అదే ఎక్కువ బాధేసింది.

కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఇంట్లో ఉంది. దాన్ని ఒంటి వేడి నుంచి వస్తువు వేడికి మార్చుకునే బటన్ ఉంటుంది, చూసుకోండి. సాయంత్రం 5:30కి బండ మీద పెడితే 49 డిగ్రీలు. గోడ పడమటి ఎండకు ఎదురుగా ఉంది, బండేమో నల్లది. అందంగా ఉంటుందని నలుపు ఎంచుకున్నది నేనే. ఇప్పుడైతే లేతరంగు బేతంచెర్ల నాపరాయి వేయిస్తాను.

బండ మార్చడానికి మనసొప్పలేదు. ఏం చేశామంటే:

1. బకెట్టు నీళ్ళు పోస్తే 38కి దిగింది, అరగంటలో మళ్ళీ 43. కూర్చున్నవాళ్ళ చీరలు తడిశాయి.
2. జీఐ పైపుల మీద గ్రీన్ నెట్ కట్టించాం. నెట్ ఒక్కటే ఉంటే 5:30కి 41.
3. నెట్ ఉంచి, 4:30కి ఒకసారి నీళ్ళు పోసి, 5 దాటాక ఈతచాప పరిస్తే కూర్చోగలుగుతున్నారు. చాప సంగతి 203 అత్తయ్యగారు చెప్పారు.

దీపం: పైన 20 వాట్ల ట్యూబులైటు పెట్టించి, మంచి పని చేశాననుకున్నాను. ఎగ్జిబిషన్‌లో బొమ్మల్లా కూర్చున్నట్టుందని ఎవరూ ఉండలేదు, రెక్కల పురుగులు మాత్రం వచ్చాయి. తీసేసి వెనకవైపు మోకాలి ఎత్తులో 5 వాట్ల పసుపు బల్బు పెట్టాం. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తే చాలు.

దోమలు: కాయిల్స్‌తో దగ్గులే తప్ప ప్రయోజనం లేదు. నీళ్ళు నిలిచే చోట్లు వెతికితే, అరుగు పక్క పూలకుండీల కింది పళ్ళాలు నాలుగు, మూత సరిగా పడని సంపు ఒకటి దొరికాయి. అవి సరిచేసి, గోడకు ఒక ఫ్యాను బిగించాం. గాలికి దోమ నిలవలేదు, అదే అన్నిటికంటే బాగా పనిచేసింది.

చార్జింగ్ ప్లగ్గు కూడా పెట్టించాను, పిల్లలు వస్తారని. వచ్చారు. నలుగురు కుర్రాళ్ళు వరసగా కూర్చుని, రెండు గంటల్లో ఒక్క మాట లేదు. తొమ్మిదో రోజు ప్లగ్గు తీయించాను. ఫోన్లు తేవద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. అంటే ఫోన్లతో పాటు మనుషులూ రారు.

ఖర్చు: నెట్ 350, పైపులు, వెల్డింగు 2,400, బల్బు 120, ఫ్యాను 1,450. కలిపి 4,320. (ప్లగ్గు పెట్టిందీ తీసిందీ మావారే.)

మొత్తం: 14,540. వారం గీతలు: 27.

దశ 6: తిన్నని గీత నుంచి ఎల్ ఆకారానికి (మే)

27 దగ్గర ఆగిపోయింది. రెండు వారాలు చూశాక సంగతి అర్థమైంది. 9 అడుగుల అరుగు మీద ఐదుగురు పడతారు. ఇద్దరుంటే మాటలు సాగుతాయి. మూడో మనిషి రాగానే మధ్యలో ఉన్నవాళ్ళు టెన్నిస్ చూస్తున్నట్టు తల అటూ ఇటూ తిప్పాలి. నలుగురైతే రెండు జంటలు. ఐదో మనిషి ఫోను తీస్తారు.

1950లలో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ఆసుపత్రిలో, ముసలమ్మల వార్డులో కుర్చీలన్నీ గోడల వెంట వరసగా ఉండేవట. అందరూ పక్కపక్కనే ఉన్నా మాటల్లేవు. రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాటిని చిన్న బల్లల చుట్టూ వేయిస్తే మాటలు దాదాపు రెట్టింపయ్యాయి. అరుగును బల్ల చుట్టూ వంచలేం. కానీ మూల తిప్పవచ్చు.

పిడి లేని చివర, గేటు వైపు, మూడున్నర అడుగుల చెయ్యి అడ్డంగా కట్టించాం. పగలగొట్టినప్పుడు మిగిలిన ఇటుకలు పనికొచ్చాయి. ఈసారి రబ్బిష్‌ని రెండు రాత్రులు దిగనిచ్చాం. మూల దగ్గర కూర్చున్న ఇద్దరికి మోకాళ్ళు దాదాపు తగులుతాయి, కావాలంటే ముఖం చూడొచ్చు, వద్దనుకుంటే గేటు చూడొచ్చు. ఈ ‘వద్దనుకుంటే’ చాలా ముఖ్యం. గుండ్రంగా వేసిన కుర్చీల్లో చూపు తిప్పుకోవడానికి చోటుండదు, అందుకే నా బజ్జీల సభ అలా అయింది.

ఖర్చు: ఇటుకలు 40కి 360, సిమెంటు 360, బండ 490, అంచు 110, కూలి 1,900. కలిపి 3,220.

మొత్తం: 17,760. అడగకుండానే 9 ఫ్లాట్లవాళ్ళు 500 చొప్పున 4,500 ఇచ్చారు. మా చేతి నుంచి పోయింది 13,260.

దశ 7: ఎవరు కూర్చుంటున్నారు (జూన్)

కొలతలతో తేలని భాగం ఇది.

మొదట్లో 6 కాగానే మగవాళ్ళు వచ్చి అరుగు నింపేసేవాళ్ళు. ఆడవాళ్ళు నిలబడి రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు. నోటీసు పెట్టాలని ఒకరు సలహా ఇచ్చారు, నేను వద్దన్నాను. ఒకరోజు నాలుగింటికి కిలో చిక్కుడుకాయలు, పళ్ళెం పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. బడి బస్సు 4:15కి వస్తుంది. పిల్లల కోసం దిగిన 104 అమ్మాయి నిలబడే రెండు కాయలు తీసుకుని ఈనెలు తీసింది, తర్వాత కూర్చుంది. వారం తిరిగేసరికి ఎవరి కూర వాళ్ళు తెచ్చుకుంటున్నారు. చేతిలో పని లేకుండా వీధిలో కూర్చోవడం మా తరం ఆడవాళ్ళకు ఇప్పటికీ తప్పు చేసినట్టే ఉంటుంది. పని ఉంటే ఎంతసేపైనా కూర్చుంటాం. 4 నుంచి 5:45 ఇప్పుడు మాది, చాప వేసుకుని మరీ.

వాచ్‌మన్ భార్య మాత్రం కింద గచ్చు మీదే. మూడుసార్లు పిలిచాను. ‘ఇక్కడే బాగుందమ్మా’ అంది. పాత అరుగుల గురించి మురిసిపోతూ రాసేవాళ్ళు ఒకటి వదిలేస్తారు: వాటి మీద ఊళ్ళో అందరూ కూర్చోలేదు. ఎవరు పైన, ఎవరు కింద, ఎవరు అసలు వీధిలోనే నిలబడాలో పుట్టుకతోనే తేలిపోయేది. నేను కట్టింది ఆ అరుగేనా అని కొన్నాళ్ళు నిద్ర పట్టలేదు.

చిన్న చెయ్యి కట్టాక ఆమె దాని మీద కూర్చోవడం మొదలుపెట్టింది. నా పిలుపు వల్ల కాదు. అక్కడ కూర్చుంటే గేటూ రోడ్డూ రెండూ కనిపిస్తాయి, ఆమె పనికి అది అనువైన చోటు. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు ఆ చోటు ఆమెదని వదిలేస్తున్నారు. అయినా 401 సారు వస్తే లేచి నిలబడుతుంది. ఆయన కూర్చోమని అనరు. దీనికి నా దగ్గర టేపు లేదు.

నష్టాలూ రాయాలి. అరుగు మీద అన్న మాట పైకెక్కి, రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి. గ్రూపులో అయితే ఆ మాట అనేవాళ్ళే కాదు. మరో ఇంటి అమ్మాయి పెళ్ళి సంబంధం గురించి అందరూ అడుగుతున్నారని ఆమె వెనక మెట్ల నుంచి వెళ్తోంది. ఇలా జరుగుతుందని ముందు తోచలేదు, తోచాల్సింది. ఆమెతో మాట్లాడాను, ‘మీరు అడగలేదు కదా ఆంటీ, పర్లేదు’ అంది. కానీ మెట్లు మారలేదు.

గ్రూపు సంగతి: ‘కింద ఉన్నాం, రండి’ అని మెసేజ్ పెట్టిన రోజుల్లో తక్కువ మంది వచ్చారు. ఎవరు జవాబిస్తారో చూస్తూ పైనే ఉండిపోతున్నారు. బాల్కనీ కింద నిలబడి ‘అత్తయ్యగారూ!’ అని కేకేస్తే వస్తున్నారు. ఇప్పుడు గ్రూపు నీళ్ళ ట్యాంకరుకీ కరెంటు కోతకీ పనికొస్తోంది, ఆ పనికి అది బాగుంది.

జూన్ ఆఖరి వారం గీతలు: 46. అందులో గొడవలు 5.

మిగిలిన పని (జులై)

వానలు మొదలయ్యాయి. గ్రీన్ నెట్ నీళ్ళు ఆపదని తెలిసిందే, కానీ ఆగిన వానను కూడా ఇంకో పావుగంట కారుస్తుందని తెలియలేదు. నిన్న 203 అత్తయ్యగారు, ఆమె తోటికోడలు గొడుగు వేసుకుని పిడి దగ్గర కూర్చున్నారు, చెప్పినా లేవలేదు. రేకు వేయిస్తే వేసవిలో మళ్ళీ వేడి. ఫైబర్ షీటు అయితే 11 అడుగులు, 4 అడుగులు కావాలి, ముందుకు వాలు 6 అంగుళాలు. మొదటి అంతస్తువాళ్ళు వాన చప్పుడు నిద్ర చెడగొడుతుందంటున్నారు, అదీ నిజమే. సోమవారం వెల్డరు వస్తాడు. ఈసారి సంతకాలు తీసుకోవడానికి నేను మెట్లెక్కలేదు, కాగితం అరుగు మీద ఒక రాయి కింద పెట్టాను. రాత్రికి 7 పడ్డాయి, ఒకటి వానకు చెరిగిపోయింది.